పాత ఎమ్మారై సీడీ పారేయకండి

ఇవాళ ఎపిసోడ్ కొంచెం పొడుగు. ఉగ్గాని బజ్జీ ఏమైనా ఉంటే పక్కన పెట్టుకొని కూర్చోండి, మధ్యలో లేవొద్దు.

ఇవాళ మాట్లాడేది మెదడు స్కాన్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒకే మనిషి మెదడుని ఈ ఏడాది ఒకసారి, వచ్చే ఏడాది ఒకసారి, ఆ పై ఏడాది ఇంకోసారి స్కాన్ తీసి, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం గురించి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో ఈ పక్కపక్కన పెట్టి చూడటమే సగం వైద్యం. మన దగ్గర చాలాసార్లు జరగనిది కూడా అదే. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసినవాణ్ణి. మందుల సలహా నా నుంచి రాదు. కానీ ఫైళ్ళు, వెర్షన్లు, రెండు ఫైళ్ళ మధ్య తేడా పట్టడం, ఇవి నా ఏరియా. ఈ జబ్బులో ఆ పని ఎంత ముఖ్యమో చూశాక ఈ ఎపిసోడ్ చేయకుండా ఉండలేకపోయా.

ముందు జబ్బు ఏందో చూద్దాం. మన చేలల్లో బోరు మోటారుకి పోయే కేబుల్ ఉంటుంది కదా. లోపల రాగి తీగ, పైన ప్లాస్టిక్ తొడుగు. ఎలుక ఆ తొడుగుని అక్కడక్కడా కొరికిందనుకోండి. తీగ తెగలేదు, కానీ మోటారు ఒకరోజు ఆడుతుంది, ఒకరోజు మూలుగుతుంది. మన నరాల పోగులకి కూడా అట్లాంటి తొడుగు ఉంది, దాని పేరు మయలిన్. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున ఆ తొడుగు మీద పడటం మల్టిపుల్ స్క్లెరోసిస్. ఇకనుంచి ఎంఎస్ అంటా. తొడుగు పోయిన చోట సిగ్నల్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. అది కంటి నరంలో జరిగితే చూపు మసకబారుతుంది, కన్ను తిప్పితే నొప్పి. వెన్నుపాములో జరిగితే కాళ్ళు తిమ్మిరి, నడక తూలుతుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది, మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న వాళ్ళ వయసే.

మన దేశంలో ఇది యూరప్, అమెరికాలతో పోలిస్తే తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. మంగళూరులో న్యూరాలజిస్ట్ లేఖా పండిట్ గారి బృందం లెక్క వేస్తే లక్ష మందికి 8 మంది పైన తేలారు. జబ్బు అరుదు కాబట్టి చిన్న ఊళ్ళో డాక్టర్‌కి అది వెంటనే గుర్తుకు రాదు. ‘నరాల బలహీనత’ అని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ వేసి పంపేస్తారు. విచిత్రం ఏమంటే, ఎంఎస్ దెబ్బ చాలామందిలో కొన్ని వారాలకి దానంతట అదే సర్దుకుంటుంది. దాంతో ఆ ఇంజెక్షనే పనిచేసిందని ఇంట్లో అందరూ నమ్ముతారు.

ఈ జబ్బుని 1868లో పారిస్‌లో జాన్ మార్టిన్ షార్కో అనే డాక్టర్ స్పష్టంగా వర్ణించాడు. ఆయన మచ్చల్ని చూసింది చనిపోయినవాళ్ళ మెదడులో. ఆ తర్వాత వందేళ్ళకు పైగా, బతికి ఉన్న మనిషి తలలో ఆ మచ్చల్ని చూసే దారే సరిగా లేదు. సీటీ స్కాన్ వచ్చాక కొన్ని కనిపించాయి. 1981లో లండన్ హ్యామర్‌స్మిత్ హాస్పిటల్‌లో పదిమంది ఎంఎస్ పేషెంట్లకి సీటీ తీస్తే 19 మచ్చలు కనపడ్డాయి. అదే పదిమందిని అప్పుడే కొత్తగా తయారైన ఎమ్మారై మెషీన్‌లో పెడితే ఆ 19 కాక ఇంకో 112 బయటపడ్డాయి. ఒక్కసారి ఆలోచించండి, ఆ పదిమందీ అంతకుముందు రోజు దాకా అన్ని మచ్చలు తలలో పెట్టుకొని తిరుగుతున్నారు, ఎవరికీ తెలియదు.

ఎమ్మారైలో ఎక్స్‌రే ఉండదు, రేడియేషన్ లేదు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు, మన ఒంట్లోని నీరు, ఇంతే సరుకు. మయలిన్ కొవ్వు పదార్థం. అది పాడైన చోట నీరు పెరుగుతుంది, అక్కడ సిగ్నల్ మారుతుంది, చిత్రంలో తెల్ల చుక్కగా కనిపిస్తుంది. ఒక ఇబ్బంది ఉంది. మెదడు మధ్యలో నీటి గదులు ఉంటాయి, అవి కూడా తెల్లగానే వస్తాయి. ఎంఎస్ మచ్చలు ఎక్కువగా వచ్చేది ఆ గదుల గోడల పక్కనే. తెల్ల గోడ మీద సున్నం చుక్క లాగా కలిసిపోతాయి. అందుకే 90ల్లో ఫ్లెయిర్ అనే పద్ధతి తెచ్చారు. అది ఆ నీటిని నల్లగా చేసేస్తుంది, మచ్చని మాత్రం తెల్లగా ఉంచుతుంది. రిపోర్టులో మీకు కనిపించే ‘టీ2 ఫ్లెయిర్ హైపర్‌ఇంటెన్సిటీ’ అనే భయంకరమైన మాటకి అర్థం ఇంతే: ఫ్లెయిర్ చిత్రంలో ఇక్కడ తెల్లగా ఉంది. ఎందుకు తెల్లగా ఉందో ఆ మాట చెప్పదు.

ఇప్పుడు అసలు విషయం. ఎంఎస్ అని తేల్చడానికి డాక్టర్లు చాలాకాలం రెండు అడుగుతూ వచ్చారు. ఒకటి, మచ్చలు వేర్వేరు చోట్ల ఉన్నాయా? రెండు, వేర్వేరు కాలాల్లో వచ్చాయా? ఒక్కసారి వచ్చి ఒక్కసారే పోయే వేరే జబ్బులు ఉన్నాయి, అవి ఎంఎస్ కాదు. ఒకప్పుడు కాలం సంగతి తేలాలంటే రెండో దెబ్బ తగిలేదాకా ఎదురుచూడాల్సి వచ్చేది. పాపం, మనిషికి మళ్ళీ కాలు పడిపోతే తప్ప పేరు చెప్పలేని పరిస్థితి. 2001లో ఇయన్ మెక్‌డొనాల్డ్ అనే న్యూరాలజిస్ట్ నాయకత్వంలో కొత్త నియమాలు వచ్చాయి. రెండో దెబ్బ అక్కర్లేదు, తర్వాతి స్కాన్‌లో కొత్త మచ్చ కనిపిస్తే చాలన్నారు. తర్వాత 2010లో ఇంకో అడుగు. గ్యాడోలీనియం అనే మందు చేతి నరంలోకి ఎక్కించి స్కాన్ తీస్తే, తాజా మచ్చలు దాన్ని పీల్చుకొని మెరుస్తాయి. ఆ మెరుపు సగటున మూడు వారాలు ఉంటుంది, ఆరు వారాలు దాటడం తక్కువ. కాబట్టి ఒకే స్కాన్‌లో మెరిసే మచ్చ ఒకటి, మెరవని పాత మచ్చ ఒకటి ఉన్నాయంటే, అవి వేర్వేరు కాలాల్లో వచ్చినవని ఒక్క రోజులోనే చెప్పొచ్చు. 2017లో ఒకసారి, 2024లో ఇంకోసారి ఈ నియమాల్ని సవరించారు.

పేరు తేలాక స్కాన్ పని అయిపోయిందని మనవాళ్ళు అనుకుంటారు. నిజానికి అప్పుడే మొదలవుతుంది. ఎందుకంటే ఈ జబ్బులో బయటికి కనిపించే ఒక్కో దెబ్బకి, లోపల చప్పుడు లేకుండా వచ్చే మచ్చలు ఐదు నుంచి పది దాకా ఉంటాయి. మనిషి బాగానే ఉంటాడు, ఆఫీసుకి పోతుంటాడు, లోపల తొడుగు కొరుకుడు జరుగుతూనే ఉంటుంది. మందు పనిచేస్తుందా లేదా అనేది మనిషిని చూసి తెలీదు, స్కాన్‌ని చూసి కొంత తెలుస్తుంది. అందుకే మందు మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో ఒక స్కాన్ తీసి, దాన్ని పునాది అనుకొని, ఆ తర్వాత ఏడాదికొకసారి తీసి పోల్చమని అంతర్జాతీయ నిపుణుల బృందాలు 2021లో కలిసి చెప్పాయి. ప్రతిసారీ ఇంజెక్షన్ కూడా అక్కర్లేదన్నారు. గ్యాడోలీనియం కొద్దికొద్దిగా మెదడులో మిగిలిపోతోందని 2014లో జపాన్ డాక్టర్లు చూపించాక దాని వాడకం తగ్గించారు. దాని వల్ల మెదడుకి చెరుపు జరిగిందని తేలలేదు, అయినా ఊరికే ఎందుకు ఎక్కించాలని. ఇంజెక్షన్ లేకపోతే కొత్త మచ్చని పట్టే దారి ఒక్కటే మిగిలింది: పాత స్కాన్ పక్కన పెట్టుకొని పోల్చడం.

పాత స్కాన్ ఉండాలి మరి.

మా వీధిలో ఒక అక్క ఉంది. వాళ్ళది మగ్గం ఇల్లు. ఆమెని అడిగే చెప్తున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చా. ఎమ్మిగనూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే ప్రింటర్ నుంచి ఏసీ రిమోట్ దాకా అన్నీ మనమే బాగుచేయాలి కదా, అట్లనే ఒకరోజు ఆ అక్క ఒక సీడీ పట్టుకొని వచ్చింది. “తమ్ముడూ, ఇది యాడా ఓపెన్ అయితలేదు, నీ ల్యాప్‌టాప్‌లో అయితాదేమో చూడు” అనింది. నా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. ఆదోనిలో ఒక ఫ్రెండ్ దగ్గర బయట తగిలించే డ్రైవ్ తెప్పించి చూస్తే, సీడీ అంచు నుంచి మధ్య దాకా పగులు. ఒక్క ఫైలు కూడా రాలేదు.

ఆమె కథ ఇది. మొదట ఒక కన్ను మసకబారింది. నూలు పోగు కనిపించేది కాదు. చుక్కల మందు వేసుకున్నారు, నెలకి తగ్గింది, మర్చిపోయారు. రెండేళ్ళకి కాళ్ళు తిమ్మిరెక్కి మెట్ల మీద పడిపోయింది. అప్పుడు స్కాన్, ఎంఎస్ అని పేరు, ఇంజెక్షన్లు మొదలు. ఆ స్కాన్ రిపోర్టులో ‘కొన్ని మచ్చలు’ అని రాశారు. ఎన్నో రాయలేదు. ఇంకో రెండేళ్ళకి వేరే ఊళ్ళో, వేరే మెషీన్ మీద స్కాన్ తీశారు. దాంట్లో ‘పదికి పైగా మచ్చలు’ అని వచ్చింది. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, పాత సీడీ ఏది అని.

ఎందుకు అడిగారో చూడండి. ఆ పదిలో కొన్ని కొత్తవైతే, ఇన్నాళ్ళూ వేసుకున్న మందు పనిచేయట్లేదని అర్థం. ఇంకా గట్టి మందుకి మారాలి. ఆ గట్టి మందులకి ఖర్చు ఎక్కువ, ఇన్‌ఫెక్షన్ల ప్రమాదం ఎక్కువ. అవన్నీ పాతవే, మొదటి మెషీన్‌కి కనిపించనివి అయితే, ఇప్పుడున్న మందు బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు. రెండు పూర్తి వ్యతిరేకమైన నిర్ణయాలు, మధ్యలో పగిలిన సీడీ. బీరువా పైన ఫిల్ములు దొరికాయి, కానీ వాటిలో మెదడుని ఐదేసి మిల్లీమీటర్ల మందంతో, మధ్యలో ఖాళీలు వదిలేసి తీశారు. మూడు మిల్లీమీటర్ల మచ్చ ఆ ఖాళీలో పడిందంటే ఇక లేనట్టే. స్కాన్ సెంటర్‌ని అడిగితే పాత డేటా తీసేశామన్నారు.

చివరికి డాక్టర్ గారు చేసింది ఏమంటే, మంచి స్కాన్ ఒకటి కొత్తగా తీయించి, దాన్నే పునాది అనుకొని, ఆరు నెలల తర్వాత అదే మెషీన్ మీద మళ్ళీ తీయించారు. కొత్త మచ్చ రాలేదు. మందు మార్చలేదు. ఆ ఆరు నెలలు ఆ అక్క ఎట్లా గడిపిందో నేను చూశా. చేతికి తిమ్మిరి వచ్చిన ప్రతి రాత్రీ ‘ఇది కొత్తదేమో’ అని నిద్ర పట్టేది కాదామెకి. అంతకుముందు రెండేళ్ళలో మచ్చలు వచ్చాయా లేదా అనేది ఇప్పటికీ తేలలేదు, ఇక తేలదు కూడా.

‘మెషీన్ మారితే అంత తేడానా?’ అని అనుమానం వస్తుంది. దానికి నాకు బాగా నచ్చిన ఒక ప్రయోగం ఉంది. అమెరికాలో జబ్బు నిలకడగా ఉన్న ఒక ఎంఎస్ పేషెంట్‌ని తీసుకున్నారు. ఉత్తర అమెరికాలో ఏడు వేర్వేరు సెంటర్లకి తిప్పారు. అన్ని చోట్లా ఒకే కంపెనీ 3 టెస్లా మెషీన్లు, ముందే మాట్లాడుకొని పెట్టుకున్న ఒకే సెట్టింగులు. ప్రతి చోటా రెండేసి సార్లు స్కాన్. ఫలితం 2017లో అచ్చయింది. ఒకే చోట తీసిన రెండు స్కాన్లు బాగా కలిశాయి. ఊరు మారితే మాత్రం మచ్చల పరిమాణం, మెదడు పరిమాణం లెక్కలు గట్టిగా మారిపోయాయి. మనిషి మారలేదు, జబ్బు మారలేదు, మెషీన్ మారిందంతే. అంత జాగ్రత్తగా చేస్తేనే ఇట్లా ఉంటే, ఒకసారి కర్నూలు, ఒకసారి బళ్ళారి, ఒకసారి హైదరాబాద్ అని డిస్కౌంట్ ఎక్కడుంటే అక్కడ తీయించుకునే మన సంగతి చెప్పాలా?

సరే, రెండు స్కాన్లూ ఉన్నాయనుకుందాం. పోల్చడం ఎట్లా? ఇక్కడ నాకు హుషారు వస్తుంది. కోడ్ రాసేవాళ్ళకి గిట్‌లో రెండు వెర్షన్ల మధ్య తేడా చూడటం తెలుసు. ఎరుపు లైను పోయింది, పచ్చ లైను వచ్చింది. మెదడుతో చిక్కేమంటే, ఈసారి పేషెంట్ తల రెండు డిగ్రీలు పక్కకి వాల్చి పడుకున్నా మొత్తం చిత్రం మారిపోతుంది. కాబట్టి ముందు కంప్యూటర్ రెండో స్కాన్‌ని తిప్పి, జరిపి, మొదటి దాని మీద సరిగ్గా కూర్చోబెడుతుంది. దీన్ని రిజిస్ట్రేషన్ అంటారు. ఆ తర్వాత వెలుగు స్థాయిలు సరిచేస్తుంది. అప్పుడు కొత్తదాంట్లోంచి పాతదాన్ని తీసేస్తే, మారనిదంతా బూడిద రంగులో కలిసిపోయి, మారింది మాత్రం చుక్కలా పైకి తేలుతుంది. ఎంత సింపుల్ ఐడియానో చూడండి. 3డీ ఫ్లెయిర్ తీస్తే మెదడు అంతా మిల్లీమీటరు ఘనాలుగా వస్తుంది, ఏ వైపు నుంచి కోసినా చూడొచ్చు. మందపాటి ముక్కలుగా తీస్తే ఈ తీసివేత సరిగ్గా కుదరదు. కంప్యూటర్ ఎంత తెలివైనదైనా లేని డేటాని కనిపెట్టలేదు.

ఇప్పుడు ఏఐ. అందరూ అడిగేది ఇదే కదా. 2021లో ఎంఎస్‌సెగ్-2 అనే పోటీ పెట్టారు. 100 మంది పేషెంట్లు, ఒక్కొక్కరికి రెండు స్కాన్లు, మధ్యలో ఒకటి నుంచి మూడేళ్ళ గ్యాప్. కొత్త మచ్చల్ని కంప్యూటర్ గుర్తించాలి. సరైన సమాధానం ఏదో చెప్పడానికి నలుగురు నిపుణుల్ని పెట్టారు. ఆ నలుగురే చాలా చోట్ల ఒక మాట మీద లేరు. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఇరవై, ముప్పై పాత మచ్చల మధ్య ఒక కొత్త మూడు మిల్లీమీటర్ల చుక్కని కంటితో వెతకడం అంత కష్టం. ఇట్లాంటి చోట కంప్యూటర్ ‘సార్, ఇక్కడ ఒకసారి చూడండి’ అని వేలు పెట్టి చూపిస్తే చాలు. తీర్పు డాక్టరే చెప్తారు.

ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో పొన్నాడ నారాయణ గారు ఒకరు. ఇంటిపేరు వినగానే మన చెవులు లేస్తాయి. అమెరికాలో హ్యూస్టన్‌లో టెక్సస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ ప్రొఫెసర్. కాంబీఆర్ఎక్స్ అని పెద్ద మందుల ట్రయల్ ఒకటి జరిగింది, 1008 మంది ఎంఎస్ పేషెంట్లు. ఆ స్కాన్ల మీదే ఆయన బృందం ఒక ప్రశ్న వేసింది. గ్యాడోలీనియం ఎక్కించకుండా, మామూలు చిత్రాలు మాత్రమే చూసి, ఏ మచ్చ తాజాదో కంప్యూటర్ చెప్పగలదా? 2020లో రేడియాలజీ అనే జర్నల్‌లో జవాబు వచ్చింది. చాలావరకు చెప్పగలిగింది, ఇంజెక్షన్‌ని పూర్తిగా పక్కన పెట్టేంత కాదు. నాకు ఇట్లాంటి జవాబులంటే ఇష్టం. ‘ఏఐ డాక్టర్ల ఉద్యోగాలు ఊడగొడుతుంది’ అనే థంబ్‌నెయిల్‌కి పనికిరాదు, కానీ నిజం ఇట్లానే ఉంటుంది. ఇంకోటి గమనించండి. అది సాధ్యమైంది వెయ్యి మంది స్కాన్లని ఒకే పద్ధతిలో తీసి, ఏళ్ళ తరబడి దాచిపెట్టారు కాబట్టి.

మచ్చల్ని లెక్కపెట్టడం ఒక్కటే కాదు, మచ్చ లోపలికి చూడటం కూడా ఇప్పుడు జరుగుతోంది. ఎంఎస్ మచ్చ చిన్న సిర చుట్టూ పుడుతుంది. మంచి మెషీన్‌లో మచ్చ నడుమ సన్న గీతలా ఆ సిర కనిపిస్తుంది. వంద మచ్చల్లో నలభైకి పైగా ఆ గీత ఉంటే ఎంఎస్ వైపు మొగ్గాలని ఒక కొలమానం. ఇంకోటి ఇనుప అంచు. కొన్ని పాత మచ్చల చుట్టూ ఇనుము నింపుకున్న కణాలు కూర్చొని లోపల కుంపటి రాజేస్తూ ఉంటాయి. పైకి చల్లారినట్టే ఉంటుంది, కానీ ఆ మచ్చ ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో మార్టీనా అబ్సింటా, డేనియల్ రైక్ వాళ్ళ బృందం 2019లో చూపించింది ఏమంటే, అట్లాంటి అంచు మచ్చలు నాలుగు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళకి నడకలో, ఆలోచనలో ఇబ్బంది చిన్న వయసులోనే వస్తోంది. మొదట 7 టెస్లా మెషీన్ల మీద చూశారు, ఇప్పుడు 3 టెస్లా మీద కూడా చూస్తున్నారు. 2024 నియమాల్లో ఈ సిర గీతకీ, ఇనుప అంచుకీ చోటు దొరికింది.

ఇక్కడ బ్రేక్ వేయాలి. ఎందుకంటే ఈ ఎపిసోడ్ చూసి కొందరు తమ రిపోర్టు తీసి, ‘నాకూ తెల్ల చుక్క ఉందన్నారు’ అని కంగారు పడతారు. తెల్ల చుక్కలు మైగ్రేన్ ఉన్నవాళ్ళలో వస్తాయి, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళలో వస్తాయి, వయసు పెరిగితే వస్తాయి. మన దేశంలో అయితే టీబీ గడ్డలు, పురుగు తిత్తులు కూడా ఉన్నాయి. దీని మీద వేలూరు సీఎంసీ కథ చెప్పాలి. 80ల్లో మన దేశంలో ఫిట్స్ వచ్చిన చాలామందికి సీటీ తీస్తే మెదడులో ఒక్క చిన్న ఉంగరం లాంటి మచ్చ కనిపించేది. టీబీ అనుకొని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చేవాళ్ళు. వేలూరులో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ గార్ల బృందం ఆ మచ్చల్ని పరీక్షకి పంపితే ఎక్కువ భాగం టేప్‌వార్మ్ పిల్లదశ చచ్చి మిగిల్చినవని తేలింది. కొన్ని నెలలు ఆగి మళ్ళీ స్కాన్ తీస్తే చాలామందిలో ఆ మచ్చ దానంతట అదే మాయమైంది. చూశారా, అక్కడ కూడా మొదటి స్కాన్ చెప్పలేని సంగతి రెండోది చెప్పింది. కాలంతో పాటు పెరిగేది ఒకటి, మాయమయ్యేది ఒకటి, అట్లనే ఉండిపోయేది ఒకటి. మచ్చ రూపం కన్నా మచ్చ నడవడికే ఎక్కువ మాట్లాడుతుంది.

ఎంఎస్‌కి కవల లాంటి జబ్బు ఇంకోటుంది, ఎన్ఎంఓ. అదీ కంటి నరాన్ని, వెన్నుపామునీ కొడుతుంది. కానీ వెన్నుపాములో మచ్చ పొడుగ్గా, మూడు నాలుగు ఎముకల మేర ఉంటుంది. మెదడు స్కాన్ మాత్రం శుభ్రంగా ఉండొచ్చు. 2004లో అమెరికా మేయో క్లినిక్ వాళ్ళు దానికి రక్త పరీక్ష కనిపెట్టారు. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ అంటారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఎంఎస్‌కి ఇచ్చే కొన్ని మందులు ఎన్ఎంఓని ఇంకా పెంచుతాయి. కాబట్టి డాక్టర్ గారు ‘ఈ రక్త పరీక్ష కూడా చేయించండి’ అంటే, డబ్బులు గుంజడానికని అనుకోకండి.

మన ఎండల గురించి కూడా ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని, ఎమ్మిగనూరు ఎట్లా మండుతాయో మీకు చెప్పక్కర్లేదు. ఒళ్ళు వేడెక్కితే ఎంఎస్ ఉన్నవాళ్ళకి పాత లక్షణాలు మళ్ళీ పైకి వస్తాయి. చూపు మసక, కాళ్ళు బరువు. 1890లో ఊతాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ దీన్ని రాసిపెట్టాడు. తొడుగు పోయిన నరం వేడికి ఇంకా డల్ అవుతుంది, చల్లబడితే మళ్ళీ కోలుకుంటుంది. ఇది కొత్త దెబ్బ కాదు, కొత్త మచ్చ కాదు. కూలర్ ముందు గంట కూర్చుంటే తగ్గిందా, చాలావరకు ఎండ పనే. ఒక రోజు దాటినా తగ్గకపోతే, కొత్త చోట మొదలైతే, అప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మా వీధి అక్క మధ్యాహ్నం మగ్గం మానేసి తెల్లవారుజామున నేస్తుంది ఇప్పుడు. ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది.

స్కాన్‌కీ మనిషికీ ఎప్పుడూ లెక్క కుదరదని కూడా చెప్పాలి. తల నిండా మచ్చలున్నా పరుగెత్తేవాళ్ళున్నారు, నాలుగు మచ్చలకే కర్ర పట్టుకున్నవాళ్ళున్నారు. మచ్చ ఎక్కడ పడిందనేది ముఖ్యం. వెన్నుపాములో ఒక్కటి పడినా చాలు. అందుకే ‘నీకు ఎన్ని, నాకు ఎన్ని’ అని పేషెంట్లు ఒకరితో ఒకరు పోల్చుకోవడం వృథా. పోల్చాల్సింది నీ పోయినేటి స్కాన్‌తో నీ ఈయేటి స్కాన్‌ని.

మరి ఏం చేయాలి? వీలైనంత వరకు ఒకే సెంటర్, ఒకే మెషీన్. స్కాన్ కన్నా ముందే టెక్నీషియన్‌కి ‘ఇది ఎంఎస్ ఫాలో-అప్, 3డీ ఫ్లెయిర్ ఉందా?’ అని అడగండి. నవ్వితే నవ్వనీయండి. 3 టెస్లా అయితే మంచిది, 1.5 అయినా పద్ధతిగా తీస్తే సరిపోతుంది. పాత స్కాన్ కూడా వాళ్ళకి ఇచ్చి, ‘దీంతో పోల్చి కొత్తవి ఎన్నో రాయండి’ అని రిసెప్షన్‌లోనే చెప్పండి. ‘కొన్ని’, ‘పలు’ అని కాకుండా అంకె అడగండి. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు 0.064 టెస్లా ఉండే చిన్న చక్రాల మెషీన్‌ని ఎంఎస్ పేషెంట్ల మీద పరీక్షించారు. పెద్ద మచ్చలు దొరికాయి, చిన్నవి తప్పిపోయాయి. అట్లాంటిది మన ఊరి దాకా వచ్చినా, ఇప్పటికైతే ఏడాదికొక మంచి స్కాన్‌కి కర్నూలు పోక తప్పదు.

ఎంఎస్ ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. సర్టిఫికెట్‌కి పోయినప్పుడు మీ పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఉంటే పని తేలిక. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి ఉంది, హైదరాబాద్‌లో వాళ్ళ శాఖ ఉంది.

ఇక సీడీ సంగతి. ఇంట్లో స్కాన్ సీడీ ఉన్నవాళ్ళు ఈ ఆదివారమే ఈ పని చేయండి. డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరకకపోతే పాత ఇంటర్నెట్ సెంటర్‌లో, ఫోటో స్టూడియోలో అడగండి, స్టూడియోల్లో ఇంకా ఉంటాయి. లోపల డైకామ్ అనే ఫోల్డర్ ఉంటుంది. సీడీ మొత్తాన్ని, ఒక్క ఫైలు కూడా వదలకుండా కాపీ చేయండి. ఫోన్‌లో స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అది స్కాన్ కాదు, దాంట్లో కొలతలు ఉండవు. ఫోల్డర్‌కి ఏడాది, నెల, తేదీ, ఏ ఊరు, ఎన్ని టెస్లా అని పేరు పెట్టండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ డ్రైవ్ అకౌంట్‌లో. తెరిచి చూడాలనుకుంటే వీసిస్, 3డీ స్లైసర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చూసి మీకు మీరే జబ్బు అంటగట్టుకోవద్దు, అన్ని ఫైళ్ళూ తెరుచుకుంటున్నాయా లేదా అని మాత్రం చూడండి. తెరుచుకోకపోతే అదే వారం స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి ఇంకో కాపీ అడగండి. వాళ్ళ దగ్గర డేటా ఎన్ని రోజులు ఉంటుందో కూడా అప్పుడే అడిగి రాసుకోండి.